కాపురంలో హింస: స్త్రీలు తమను తాము కాపాడుకునే దారులు

భర్తో, సహజీవనం చేస్తున్న మగవాడో కొడుతున్నప్పుడు స్త్రీ తన ప్రాణాన్ని, పిల్లలను కాపాడుకోవడానికి ఏం చేస్తుంది? పోలీస్ స్టేషన్, కోర్టు అనే జవాబులు వెంటనే తడతాయి. కానీ ఆ రెండూ చాలామంది జీవితాల్లోకి చివర్లో వస్తాయి. కొందరి జీవితాల్లోకి అసలే రావు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆమె ఒంటరిగా చేసుకునే రక్షణ పని ఒకటి ఉంటుంది. మాట తగ్గించడం, వంట పెందలాడే ముగించడం, గొడవ వాసన రాగానే పిల్లలను పక్కింటికి పంపడం, పోపుల డబ్బాలో డబ్బు దాచడం, పుట్టింటివాళ్లకు సగం చెప్పి సగం దాచడం అన్నీ అందులోవే. బయటివాళ్ల కంటికి ఇది ఓర్పులా కనిపిస్తుంది. ఆమెకు మాత్రం ఇది ప్రతిరోజూ చేయక తప్పని లెక్క.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 18 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 29.3 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం. హింసకు గురైన స్త్రీలలో సాయం కోరినవాళ్లు దేశం మొత్తం మీద 14 శాతమే. నూటికి 77 మంది సాయం అడగలేదు సరికదా, ఎవరికీ చెప్పుకోలేదు కూడా. ఇది మన దేశానికే పరిమితమైన సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 దేశాల్లో 24,000 మందికి పైగా స్త్రీలతో మాట్లాడి 2005లో వెలువరించిన అధ్యయనంలో, దెబ్బలు తిన్న స్త్రీలలో 55 నుంచి 95 శాతం మంది పోలీసులనో, స్వచ్ఛంద సంస్థలనో, ఆశ్రయ గృహాలనో ఎన్నడూ ఆశ్రయించలేదని తేలింది.

ఈ మౌనాన్ని ఒప్పుకోలుగా చదవడం తప్పు. అదే కుటుంబ సర్వేలో మరో ప్రశ్న ఉంది. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇల్లూ పిల్లలనూ పట్టించుకోకపోవడం, ఎదురు చెప్పడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటి ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా భార్యను కొట్టడం సబబేనా అని అడిగారు. కనీసం ఒక కారణానికైనా సబబే అన్న స్త్రీలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. చుట్టూ ఉన్న ఆడవాళ్లలో అయిదింట నలుగురికి పైగా అలా అనుకునే చోట, నోరు విప్పితే మొదట వినపడేది 'నువ్వేం చేశావ్?' అన్న ప్రశ్నే. ఆ మాట తిరిగి భర్త చెవిన పడితే ఆ రాత్రి ఇంకో గొడవ. చెప్పకపోవడం కూడా ఆమె ఎంచుకున్న జాగ్రత్తే.

పండితులకు ఈ సంగతి ఆలస్యంగా అర్థమైంది. అమెరికా మనస్తత్వవేత్త లెనోర్ వాకర్ 1979లో ప్రచురించిన పుస్తకంలో, పదేపదే దెబ్బలు తిన్న స్త్రీ క్రమంగా నిస్సహాయతకు అలవాటుపడి ప్రయత్నం మానేస్తుందని వాదించారు. ఎడ్వర్డ్ గాండాల్ఫ్, ఎలెన్ ఫిషర్ 1988లో దీనికి గట్టి జవాబిచ్చారు. టెక్సాస్ రాష్ట్రంలోని ఆశ్రయ గృహాలకు చేరిన 6,000 మందికి పైగా స్త్రీల వివరాలు పరిశీలిస్తే, హింస పెరిగేకొద్దీ వాళ్లు సాయం కోసం వెతకడం తగ్గించలేదు, పెంచారు. నిస్సహాయంగా కనిపించింది వాళ్లు కాదు, వాళ్లు తట్టిన తలుపుల వెనక ఉన్న వ్యవస్థలు. ఆ తర్వాత లీసా గుడ్‌మన్ బృందం 2003లో స్త్రీలు అనుసరించే ఉపాయాలను ఆరు రకాలుగా విడదీసి కొలిచే పద్ధతి తయారుచేసింది. బుజ్జగించి సర్దుకుపోవడం, ఎదురు తిరగడం, ముందస్తు ఏర్పాట్లు చేసుకోవడం, అయినవాళ్ల సాయం, సంస్థల సాయం, చట్టం సాయం అనేవి ఆ ఆరు. స్త్రీలు అన్నిటికన్నా ఎక్కువగా వాడింది మొదటి రెండే. అన్నిటికన్నా తక్కువగా సాయపడ్డవీ అవే.

మరి ఎందుకు వాడతారు? చేతిలో ఉన్నవి అవే కాబట్టి. బుజ్జగించడానికి డబ్బు అక్కర్లేదు, బస్సు చార్జీ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. తాగి వచ్చే మనిషి అడుగుల చప్పుడు పోల్చుకుని, ఆ రోజు ఏ మాట అనకూడదో నిర్ణయించుకునే స్త్రీలు ప్రతి వీధిలోనూ ఉంటారు. అన్నం తినిపించి తొందరగా పడుకోబెట్టడం, జీతం సంగతి ఎత్తకపోవడం, తన పక్కన పిల్లలను పడుకోబెట్టుకోవడం, అత్తగారు ఇంట్లో ఉన్నంతసేపూ ఆమె దగ్గరే మసలడం వంటివి ఒక్కో గండాన్ని గట్టెక్కిస్తాయి. కొందరు తలుపు గడియ వేయనివ్వరు. కొందరు కావాలనే గొంతు పెంచుతారు, గోడ అవతల ఎవరో ఒకరు వింటారని. ఇంకొందరు పరువు పోతుందని చీర కొంగు నోట్లో కుక్కుకుంటారు. ఒకే ఉపాయం ఒకరిని కాపాడుతుంది, ఇంకొకరి మీద దెబ్బల్ని పెంచుతుంది. అందుకే అనుభవమున్న కౌన్సెలర్లు 'ఇలా చెయ్' అని చెప్పరు. 'ఇంతవరకూ ఏం చేస్తే తగ్గింది, ఏం చేస్తే పెరిగింది?' అని అడుగుతారు. ఆ మనిషి గురించి ఆమెకు తెలిసినంత మరెవరికీ తెలియదు.

మద్యం సంగతి విడిగా చెప్పాలి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో, తరచూ తాగి వచ్చే భర్తలున్న స్త్రీలలో 70 శాతం మంది హింసను చవిచూశారు. తాగని భర్తలున్న చోట అది 23 శాతం. తాగుడే మూలమని తేల్చేయడానికి ఇది చాలదు, ఎందుకంటే తాగనివాళ్లూ కొడుతున్నారు. అయితే ఏ పూట ప్రమాదమో అంచనా వేయడానికి స్త్రీలకు ఇదొక ఆనవాలు. ఈ ఆనవాలు పట్టుకునే తెలుగు నేల మీద ఒక పెద్ద ఉద్యమం పుట్టింది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కార్యక్రమం సాగుతున్న రోజుల్లో, రాత్రిబడి వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. సారా వల్ల కుటుంబాలు పడే బాధ అందులో ఉంది. అది చదివిన దూబగుంట ఆడవాళ్లు 1992లో తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. వాళ్లను ముందుండి నడిపిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఊరూరా ఆడవాళ్లు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని ఎత్తేశారు. ఆ ఉద్యమాన్ని సారా మీద పోరాటంగానే చరిత్ర రాసుకుంది. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లు ఒంటరి ఉపాయాలు వదిలి, నలుగురూ కలిసి తమ రక్షణ తాము చూసుకున్న సందర్భంగా కూడా దాన్ని చదవాల్సి ఉంది.

ప్రమాదాన్ని అంచనా వేయడంలో స్త్రీలు తరచు పొరబడే చోటు ఒకటుంది. అలవాటైన హింసను తక్కువ చేసి చూస్తారు. దాన్ని సరిచేయడానికి అమెరికాలో నర్సింగ్ ఆచార్యురాలు జాక్విలిన్ క్యాంప్‌బెల్ 1985లో ఒక పద్ధతి రూపొందించారు. ముందుగా ఆమె చేతికి ఒక క్యాలెండర్ ఇస్తారు. గడిచిన ఏడాదిలో ఏ రోజున కొట్టాడో, ఎంత తీవ్రంగా కొట్టాడో గుర్తుపెట్టమంటారు. పండగలు, పుట్టినరోజులు, జీతం రోజులు చూసుకుంటూ వేలు పెట్టి గుర్తులు వేస్తున్నప్పుడు, 'ఈ మధ్య పెద్దగా ఏం పెరగలేదు' అన్న మనిషే చివరి మూడు నెలల గళ్లు నిండిపోవడం చూసి మాట మార్చుకుంటుంది. ఆ తర్వాత ప్రశ్నలు: చంపుతానని బెదిరించాడా? కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడా? బలవంతంగా లొంగదీసుకున్నాడా? గొంతు నులిమాడా?

ఈ చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. గొంతు నులిమితే చాలాసార్లు ఒంటి మీద మచ్చ మిగలదు. అందుకే 'గొంతు పట్టుకున్నాడంతే' అని చెంపదెబ్బ కన్నా చిన్న సంగతిగా చెబుతారు, విన్నవాళ్లూ అలాగే వింటారు. ఒకసారి గొంతు నులమబడిన స్త్రీ, ఆ మగవాడి చేతిలోనే హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని 2008లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చూపింది. ఇది ఏ పంచాయితీలోనూ సర్దిచెప్పి పంపాల్సిన సంగతి కాదు.

ఇంకో ప్రమాద సమయం ఇల్లు వదిలే వేళ. 'అంత కష్టమైతే వదిలేసి రావచ్చుగా' అనే మాట అందరి నోటా వస్తుంది. ఆమె వదిలి వెళ్తోందని తెలిసిన రోజు నుంచి, వెళ్లిపోయిన తొలి నెలల వరకూ హత్యల ముప్పు ఎక్కువగా ఉంటుందని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. పట్టు జారుతోందన్న కోపం అప్పుడే పతాకస్థాయికి చేరుతుంది. కాబట్టి వదలడం ఒక్కరోజు నిర్ణయం కాదు, గుట్టుగా సాగే ఏర్పాటు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పెళ్లి ఫోటో, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, స్కూల్ కాగితాలు, మందుల చీటీలు ఒక సంచిలో పెట్టి నమ్మకస్తుల ఇంట్లో ఉంచడం, అన్నిటికీ జిరాక్సులు తీయించుకోవడం, తాళిబొట్టు కాక మిగతా బంగారం ఎక్కడుందో చూసుకోవడం, పిల్లలకు ఒక సంకేత పదం నేర్పి అది వినగానే ఫలానా ఇంటికి పరిగెత్తమని చెప్పడం ఇందులో భాగం. గొడవ మొదలైతే వంటింట్లోకి, బాత్రూంలోకి పోవద్దని కౌన్సెలర్లు చెబుతారు. వంటింట్లో కత్తిపీట, నూనె, మంట ఉంటాయి. బాత్రూంకు రెండో దారి ఉండదు. బస్తీలో ఒంటిగది ఇంట్లో ఈ సలహా ఎలా పనికొస్తుంది? అక్కడ మిగిలేది గుమ్మం వైపు ఉండటం, గడియ పడనివ్వకపోవడం, పక్కింటామెతో ముందే మాట అనుకోవడం.

వెళ్తే ఎక్కడికి? తెలుగునాట మొదటి జవాబు పుట్టిల్లు. కుటుంబ ఆరోగ్య సర్వేలో సాయం కోరామన్న కొద్దిమందిలో కూడా ఎక్కువమంది వెళ్లింది సొంత కుటుంబం దగ్గరికే. పోలీసుల దగ్గరికి వెళ్లినవాళ్లు చాలా తక్కువ. పుట్టింట్లో నాలుగు రోజులు, తర్వాత పెద్దమనుషులు, అల్లుడితో మాట తీసుకోవడం, బొట్టుపెట్టి చీర పెట్టి మళ్లీ కాపురానికి పంపడం. ఇది ఎన్నిసార్లు జరిగినా ప్రతిసారీ ఒక విరామం దొరుకుతుంది. కొన్ని ఇళ్లలో ఆ మాటకు విలువ ఉండి హింస ఆగుతుంది కూడా. కానీ తమ్ముడి పెళ్లి కాలేదనో, చెల్లెలి సంబంధం చెడుతుందనో, ఉన్నది ఒక్క గదేననో పుట్టింటి తలుపు సగమే తెరుచుకున్న చోట, అవతలి మనిషికి ఆ సంగతి అర్థమవుతుంది. ఆమెకు వెళ్లే చోటు లేదని తెలిసినవాడికి భయం ఉండదు.

ఇక్కడే ఆస్తి మాట వస్తుంది. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ జరిపిన అధ్యయనం 2005లో వెలువడింది. భూమి గానీ ఇల్లు గానీ లేని స్త్రీలలో 49 శాతం మంది దీర్ఘకాలంగా శారీరక హింసను ఎదుర్కొన్నారు. తన పేర భూమి ఉన్నవాళ్లలో అది 18 శాతం, ఇల్లు ఉన్నవాళ్లలో 10 శాతం, రెండూ ఉన్నవాళ్లలో 7 శాతం. హింసకు గురైనవాళ్లలో ఆస్తి ఉన్న స్త్రీలలో 71 శాతం మంది ఇల్లు విడిచి వెళ్లగలిగారు. లేనివాళ్లలో 19 శాతమే. కట్నంగా ఇచ్చిన డబ్బు అటువైపు పోతుంది. తన పేర ఉన్న రెండు గదుల ఇల్లు ఆమెతోనే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబర్ 5 నుంచి, పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానమైన హక్కు ఇచ్చింది. దేశమంతటా ఆ హక్కు 2005లో వచ్చింది. కూతురికి వాటా రాసివ్వడాన్ని ఇప్పటికీ అన్నదమ్ముల మధ్య తగవుగానే చూస్తున్నారు. దాన్ని ఆమె ప్రాణరక్షణగా చూసే తల్లిదండ్రులు ఇంకా తక్కువే.

చట్టం వైపు వస్తే, భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరంగా గుర్తించిన 498ఏ సెక్షన్ 1983లో వచ్చింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 85వ సెక్షన్. మెట్టినింటి మీద కేసు పెట్టాలంటే కాపురం చేసిన ఊరికే వెళ్లాలా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్‌లో రూపాలీ దేవి కేసులో జవాబిచ్చింది. తలదాచుకున్న చోటే, అంటే పుట్టింటి ఊళ్లోనే కేసు పెట్టవచ్చు. అయితే భర్తను జైలుకు పంపడం చాలామంది కోరిక కాదు. దెబ్బలు ఆగాలి, ఇంట్లోంచి గెంటేయకూడదు, పిల్లలు తన దగ్గరుండాలి, నెలనెలా ఖర్చులకు ఇవ్వాలి. ఇదే వాళ్లు అడిగేది. 2006 అక్టోబర్ 26న అమల్లోకి వచ్చిన గృహహింస నిరోధక చట్టం ఈ కోరికల చుట్టూనే అల్లినది. రక్షణ ఉత్తర్వు, నివాస ఉత్తర్వు, భరణం, పిల్లల సంరక్షణ, పరిహారం ఒకే దరఖాస్తులో అడగవచ్చు. సహజీవనంలో ఉన్న స్త్రీకీ ఇది వర్తిస్తుంది.

ఇల్లు అత్తమామల పేర ఉంటే కోడలికి అందులో నివాస హక్కు లేదని 2006 డిసెంబర్‌లో వచ్చిన బాత్రా తీర్పు ఈ చట్టం వెన్ను విరిచింది. పద్నాలుగేళ్ల తర్వాత, 2020 అక్టోబర్ 15న సతీష్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది. ఉమ్మడిగా కాపురం చేసిన ఇల్లు ఎవరి పేరున్నా అందులో ఉండే హక్కు ఆమె అడగవచ్చని చెప్పింది.

ఈ చట్టం నిబంధనల్లో ఐదో నంబరు ఫారం ఒకటుంది. దాని పేరే భద్రతా ప్రణాళిక. అందులో గళ్లు ఉంటాయి: ఎలాంటి హింస జరిగింది, దానివల్ల ఆమెకు ఏమైంది, ముందు ముందు ఏం జరుగుతుందని భయపడుతోంది, భద్రతకు ఏ చర్యలు కావాలి, కోర్టును ఏ ఉత్తర్వులు అడుగుతోంది. ఈ చట్టం కింద నియమించే ప్రొటెక్షన్ ఆఫీసర్ ఆమెతో కూర్చుని, ఆమెను అడిగి దీన్ని నింపాలి. ఆమె భయాన్ని సాక్ష్యంగా తీసుకునే గడి ఒక సర్కారు కాగితంలో ఉండటం చిన్న విషయం కాదు. చాలాచోట్ల ప్రొటెక్షన్ ఆఫీసర్ బాధ్యతను వేరే పనులున్న అధికారులకే అదనంగా అప్పజెప్పారు. అందువల్ల హడావిడిగా ఘటన నివేదిక రాసి పంపేసినప్పుడు, ఆ ఐదో ఫారం ఊసే రాదు. కోర్టుకెళ్లే స్త్రీ దాన్ని పేరుపెట్టి అడగవచ్చు. లాయరు ఖర్చు లేదని ఆగనక్కర్లేదు కూడా. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసాయం దక్కుతుంది.

సాయం అందే చోట్లు గత ఇరవై ఏళ్లలో పెరిగాయి. హైదరాబాద్‌లో భూమిక మహిళా సంఘం 2006లో తెలుగులో మాట్లాడే హెల్ప్‌లైన్ మొదలుపెట్టింది. ఇప్పుడు 181 మహిళా హెల్ప్‌లైన్, 112 అత్యవసర నంబర్ ఉన్నాయి. 2015 నుంచి జిల్లాల్లో 'సఖి' కేంద్రాలు తెరిచారు. అక్కడ వైద్యం, పోలీసు, న్యాయసాయం, కొద్దిరోజుల బస ఒకేచోట దొరకాలన్నది ఉద్దేశం. తెలంగాణలో 2016లో అలాంటిదే భరోసా కేంద్రం వచ్చింది. ముంబైలోని బాంద్రా భాభా ఆసుపత్రిలో 2000 ప్రాంతంలో మొదలైన 'దిలాసా' కేంద్రం మరో దారి చూపింది. ఆసుపత్రికి ఏ స్త్రీ అయినా అనుమానం రాకుండా వెళ్లగలదు. అక్కడే నర్సు గాయాన్ని చూసి, భర్తను బయట కూర్చోబెట్టి, మెల్లగా అడిగితే చాలా సంగతులు బయటికొస్తాయి. ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఈ పద్ధతి రావాల్సి ఉంది.

ఫోన్ సాయమూ చేస్తుంది, పట్టించేస్తుంది. తన ఫోన్ భర్త చూస్తాడని తెలిసిన స్త్రీ పక్కింటి ఫోన్ నుంచో, పనిచేసే చోటి నుంచో మాట్లాడుతుంది. చేసిన కాల్‌ను లిస్టులోంచి తీసేస్తుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2020లో తెచ్చిన దిశ యాప్‌లో ఫోన్‌ను గట్టిగా ఊపితే చాలు, సమాచారం పోలీసులకు చేరే ఏర్పాటు ఉండేది. అదే ఏడాది లాక్‌డౌన్ రోజుల్లో కెనడాలోని ఒక మహిళా సంస్థ మాట అక్కర్లేని సైగను ప్రచారం చేసింది: అరచేయి చూపి, బొటనవేలు లోపలికి మడిచి, దాని మీద నాలుగు వేళ్లూ మూయడం. వీడియో కాల్‌లో భర్త పక్కనే ఉన్నా చేయవచ్చు. మన జాతీయ మహిళా కమిషన్ ఆ ఏప్రిల్‌లోనే వాట్సాప్ నంబర్ పెట్టింది, ఇంట్లోనే బందీ అయినవాళ్లు గొంతెత్తి ఫోన్ చేయలేరని గ్రహించి.

అమెరికాలో ఉన్న తెలుగు స్త్రీల పరిస్థితికి వేరే ముడి ఉంది. హెచ్-1బీ మీద వెళ్లిన భర్తతోపాటు హెచ్-4 వీసా మీద వెళ్లిన భార్యకు, 2015 వరకూ పనిచేసే అనుమతే లేదు. ఆ తర్వాతా భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే ఉంది. పాస్‌పోర్ట్ అతని బీరువాలో, బ్యాంకు ఖాతా అతని పేర, '911కి ఫోన్ చేస్తే ఇద్దరినీ పంపేస్తారు' అన్న బెదిరింపు. అతనికి శిక్ష పడితే అతని వీసాతోపాటు తనదీ పోతుందన్న భయంలో నిజం లేకపోలేదు. 1994 నాటి అమెరికా చట్టం హింసకు గురైన భార్య సొంతంగా దరఖాస్తు చేసుకునే వీలిచ్చింది గానీ, భర్త అక్కడి పౌరుడో గ్రీన్ కార్డు ఉన్నవాడో అయితేనే. మిగిలినవారికి నేర బాధితుల కోసం 2000లో తెచ్చిన యూ-వీసా ఉంది. అది ఏడాదికి 10,000 మందికే. న్యూజెర్సీలో 1985లో పుట్టిన 'మానవి' దక్షిణాసియా స్త్రీల కోసం అక్కడ ఏర్పడిన మొదటి సంస్థ. ఆ తర్వాత ఇతర నగరాల్లోనూ అలాంటివి వచ్చాయి. వాళ్లు మొదట చెప్పే జాగ్రత్త పాస్‌పోర్ట్, వీసా కాగితాల ఫోటోలు ఇండియాలో నమ్మకస్తులకు పంపి ఉంచమని.

ఎక్కడున్నా, విడిపోయాక కూడా ఈ రక్షణ పని ముగియదు. ఫోన్ నంబర్ మార్చుకోవడం, రోజూ వెళ్లే దారి, వేళలు మార్చడం, స్కూల్లో పిల్లలను ఎవరికి అప్పగించాలో రాసివ్వడం, వాయిదాల రోజున కోర్టు ఆవరణలో ఎవరినైనా తోడు తీసుకెళ్లడం సాగుతూనే ఉంటాయి. పిల్లలను చూపించే రోజు మరీ జాగ్రత్తగా ఉండాలి. జనం ఉన్న చోట, మూడో మనిషి ఎదుట అప్పగించేలా కోర్టునే అడగవచ్చు. మన దేశంలో రక్షణ ఉత్తర్వు ప్రతిని కోర్టు ఆమెకూ, ఆ ప్రాంతపు పోలీస్ స్టేషన్‌కూ ఉచితంగా ఇవ్వాలి. దాని జిరాక్సు ఆమె బ్యాగులో, పుట్టింట్లో, ఉద్యోగం చేసేచోట ఉండటం మంచిది. ఆ ఉత్తర్వును భర్త ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. అది వారెంట్ లేకుండా అరెస్టు చేయదగిన, బెయిల్ హక్కుగా రాని నేరం. ఉల్లంఘన జరిగిందని తేల్చడానికి వేరే సాక్షులు లేకపోయినా, ఆమె ఒక్కరి వాంగ్మూలం మీదే కోర్టు నిర్ణయానికి రావచ్చని గృహహింస చట్టం 32వ సెక్షన్ చెబుతోంది.